కొలిచేటోనికి లైసెన్సు ఇచ్చిండ్రు, కొలత తప్పితే ఎవరిని అడగాలె?

పోస్టు పొడుగుంటది, ఓపికగా చదవండి. గెట్టు పంచాయితీ నడుస్తున్నోళ్లు, ఈ ఎండాకాలం బోరు వేద్దామనుకుంటున్నోళ్లు మాత్రం తప్పక చదవండి.

వరంగల్ రూట్ బస్సులో పట్నం పోయేటోళ్లందరికీ ఉప్పల్ రింగ్ రోడ్డు తెలుసు. అక్కడి నుంచి హబ్సిగూడ దిక్కు పోతుంటే ఒకే రోడ్డు మీద రెండు పెద్ద సంస్థలు కనిపిస్తయి. ఒకటి సర్వే ఆఫ్ ఇండియా. 1767ల పుట్టిన శాఖ అది. దేశం నలుమూలల నుంచి సర్వేయర్లు వచ్చి నేర్చుకునే దాని శిక్షణ సంస్థ మన ఉప్పల్‌లనే ఉంది. రెండోది ఎన్‌జీఆర్‌ఐ. 1961ల పెట్టిండ్రు. భూమి లోపల రాయి ఎట్లుంది, నీళ్లు ఎక్కడున్నయి అని చూసే శాస్త్రవేత్తలు అక్కడ ఉంటరు. నాచారం అక్కడికి కూతవేటు దూరం. అంటే భూమిని పైన కొలిచే చదువు, లోపల చూసే చదువు, రెండూ ఆ ఒక్క రోడ్డు మీదనే ఉన్నయి. అక్కడి నుంచి గంటన్నర బస్సు ప్రయాణం చేసి మన ఊరికొస్తే, గెట్టు చూసేది ఫోన్‌ల యాప్‌తోని, బోరు పాయింట్ పెట్టేది అరచేతిల కొబ్బరికాయతోని.

ఇప్పుడు ఈ ముచ్చట ఎందుకంటే, కొలిచేటోళ్లకు సర్కారు లైసెన్సులు ఇచ్చింది. మంచిదే. నేను దానికి వ్యతిరేకం కాదు, ముందే చెప్తున్న. ఎందుకు కావాల్సొచ్చిందో మనకు తెల్వనిది కాదు. 2017ల భూరికార్డుల ప్రక్షాళన అన్నరు, కాగితాలు సరిజేసిండ్రు గని పొలంల గొలుసు పట్టలేదు. 2020 అక్టోబర్ 29న మేడ్చల్ జిల్లా మూడుచింతలపల్లిల ధరణి మొదలుపెట్టిండ్రు. కంప్యూటర్ల లెక్క వచ్చింది, మోకా మీద కొలత రాలేదు. పాస్‌బుక్కుల ఎకరం 20 గుంటలు, మోకా మీద చూస్తే ఎకరం 12 గుంటలు. ఆ 8 గుంటలు ఎటు పోయినయో చెప్పేటోడు లేడు. కొందరికి ఉల్టా, మోకా మీద ఎక్కువ, కాగితంల తక్కువ. రాష్ట్రంల 413 ఊళ్లకైతే అసలు నక్షానే లేదని సర్కారే చెప్పింది.

2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ అప్పుడు భూమి నక్షా జతచేయాలన్న మాట అందుల ఉంది. అన్ని ఊళ్లల్ల ఇంత కొలత చేయడానికి సర్కారు సర్వేయర్లు సరిపోరు. అందుకే లైసెన్స్డ్ సర్వేయర్లను పిలిచిండ్రు. ఇంటర్‌ల మ్యాథ్స్‌తోని 60 శాతం మార్కులు, లేదంటే ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్, సివిల్ డిప్లొమా, బీటెక్ సివిల్ ఉండాలన్నరు. శిక్షణ ఫీజు ఓసీలకు 10 వేలు, బీసీలకు 5 వేలు, ఎస్సీ ఎస్టీలకు 2,500. శిక్షణ 50 పనిదినాలు. 2025 అక్టోబర్‌ల శిల్పకళా వేదికల ముఖ్యమంత్రి చేతుల మీదుగా మూడు వేల మందికి పైగా లైసెన్సులు అందినయి. మన ఊరి పిల్లలు కూడా ఉన్నరు అందుల. సంతోషం.

ఇప్పుడు నా పంచాయితీ ఏందంటే, ఆ ప్రకటన మళ్లోసారి చదవండి. మార్కులు ఎన్ని, ఫీజు ఎంత, శిక్షణ ఎన్ని రోజులు. అంతా కొలిచేటోని గురించే. పొలం గలోని మాట అందుల ఏది? లైసెన్సు అంటే లోపలికి పోయే దర్వాజ మాత్రమే కాదు. తప్పు చేస్తే బయటికి పంపే దర్వాజ కూడా ఉండాలె, అది రైతు చేతితో తెరుచుకోవాలె. ధరణిల అప్పీలు లేకుండె, భూభారతిల తెచ్చిండ్రు, ఒప్పుకుంట. అది రికార్డు మీద అప్పీలు. కొలిచినోని జవాబుదారీ వేరే ముచ్చట.

"సర్కారు సర్వేయర్ మాత్రం సక్కగ చేసిండా?" అని మీరు అడుగుతరు. లేదు. ఏసీబీకి దొరికిన సర్వేయర్ల వార్తలు పేపర్ల చూస్తనే ఉన్నం. చలానా కట్టి నెలల తరబడి తిరిగినోళ్లం మనమే. గని ఆయనకు జీతం ఇచ్చేది సర్కారు. ఈ కొత్త పద్ధతిల కొలిచేటోనికి పైసలు ఇచ్చేది ఎవరు? పిలిచినోడు. అమ్మేటోడో కొనేటోడో పిలుస్తడు. పక్క పొలం రైతు పిలవలేదు, పైసలియ్యలేదు, ఆ రోజు ఊళ్లనే లేకపోవచ్చు. గీత మాత్రం ఇద్దరి మధ్యల పడుతది. చాయ్ తాగించినోని దిక్కు అడుగు జరిగే గుణం మనిషికి ఉంటది, అది సర్వేయర్ తప్పని నేను అనను. ఆ గుణానికి అడ్డం కట్ట వేయాల్సింది చట్టం.

ఇంకో మాట చాలామందికి అర్థం కాక మోసపోతున్నరు. "అన్నా, ఇది రోవర్ మిషన్, తప్పు చెప్పదు" అంటరు. నిజమే, మంచి రోవర్ రెండు మూడు సెంటీమీటర్ల తేడాతోని స్థానం చెప్తది. మన ఫోన్ యాప్ అయితే మూడు నాలుగు మీటర్లు అటుఇటు అయితది, దాంతోని గెట్టు చూసుడు మానుకోండి. గని రోవర్ చెప్పేది నువ్వు దాన్ని నిలబెట్టిన జాగ ఎక్కడుందో అంతే. ఆ జాగ హద్దు అవునా కాదా అన్నది దానికి తెల్వదు. అది తెలిసేది టిప్పన్‌కు, పాత హద్దురాయికి, చుట్టుపక్కల ముసలోళ్లకు. మన పాత టిప్పన్లల్ల కొలతలు గొలుసులు, అణాల్ల ఉంటయి. గొలుసు 33 అడుగులు, అందుల 16 అణాలు, అంటే ఒక్కో అణా రెండడుగుల పైన. ఒక గొలుసు పొడుగు, ఒక గొలుసు వెడల్పు అయితే గుంట, 121 గజాలు. గా కొలతను తెచ్చి సెంటీమీటర్ మిషన్‌కు జోడించాలంటే పాత రాళ్లు మూడు నాలుగు దొరకబట్టాలె, వాటి నుంచి సరిచూడాలె. ట్రాక్టర్లు వచ్చినంక ఆ రాళ్లు ఎన్ని మిగిలినయో మీకు తెలుసు.

మా గెట్టు సంగతే చెప్త. ఒకసారి కొలిస్తే యాపచెట్టు మా దిక్కు వచ్చింది. రెండేండ్లకు మా పాలోళ్లు వేరే ఆయన్ని తెచ్చి కొలిపిస్తే చెట్టు వాళ్ల దిక్కు పోయింది. ఇద్దరి దగ్గర మిషన్లే. ఒకాయన వాగు దిక్కు రాయి పట్టుకొని మొదలుపెట్టిండు, ఇంకొకాయన బాట పక్క రాయి పట్టుకున్నడు. బాట పక్క రాయిని రోడ్డు వేసినప్పుడు జరిపి పాతిండ్రని మా నాయిన చెప్తుండె. ఆయన లేడు ఇప్పుడు. మా ఇద్దరిళ్ల మధ్యల మాటలు బందయినయి, పెండ్లికి పిలుపు కూడా లేదు.

ఎంత తేడా అంటరా? గెట్టు వంద మీటర్ల పొడుగుందనుకోండి. గీత ఒక్క మీటర్ జరిగితే వంద చదరపు మీటర్లు, అంటే దగ్గర దగ్గర ఒక గుంట. ఎకరం 30 లక్షలున్న ఊళ్ల గుంట 75 వేలు. అదే పట్నం దిక్కు గజం 50 వేలున్న కాడ గుంట 60 లక్షలు.

పట్నం లెక్క మనకెందుకు అనకండి. ఉప్పల్ భగాయత్ పేరు విన్నరా? బాగాత్ అంటే పాత రికార్డుల తోట భూమి. మూసీ ఒడ్డున పండిన భూములు అవి. హెచ్‌ఎండీఏ తీసుకొని లేఅవుట్ చేసి, రైతులకు ఎకరానికి ఇన్ని గజాలని ప్లాట్లు తిరిగిచ్చింది, మిగిలినవి 2019ల వేలం వేసింది. మెట్రో డిపో కూడా ఉప్పల్‌లనే వచ్చింది. ఎకరం, గుంట అన్న లెక్క ఒక్క తరంల గజాల లెక్క అయింది. గా దినం కాగితంల ఎంతుందో అంతే లెక్క, దున్నినంత కాదు. ఉప్పల్ నల్లచెరువు చూడండి, హైడ్రా మొదటి విడతల బాగుచేయడానికి తీసుకున్న చెరువుల్ల అదొకటి. అక్కడ కొట్లాటంతా ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడ అన్న దాని మీదనే. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తయో మన తాతలకు రాళ్లు చూడకుండనే తెలుసు. ఇప్పుడు ఇల్లు కట్టుకున్నోనికి ఆ గీత గోడ కూలినంక తెలుస్తున్నది. మన ఊళ్లకు రీజినల్ రింగ్ రోడ్డు వస్తున్నది, ఉప్పల్ ముచ్చట మన గడప దాకా రానీకె ఎంతో కాలం పట్టదు.

పట్నంల పెద్ద బిల్డింగ్ కట్టాలంటే లైసెన్సు ఉన్న ఇంజనీరు సంతకం పెట్టాలె, స్ట్రక్చరల్ ఇంజనీరు కూడా. గోడ పగిలితే ఎవని సంతకమో కాగితంల ఉంటది. మనకు కూడా అదే కావాలంటున్న, ఎక్కువేం అడుగుతలేను.

అమెరికాల ఇంజనీర్లకు లైసెన్సుల ముచ్చట ఎక్కడ మొదలైందో తెలుసా? అమెరికాల వ్యోమింగ్ అనే రాష్ట్రం, 1907. అది కూడా మన లెక్కనే నీళ్లకు కటకటలాడే జాగ. సాగునీటి హక్కు కోసం రైతులు మ్యాపులు పెట్టాలె. ఆ మ్యాపులు లాయర్లు, నోటరీలు, ఎవరు పడితే వాళ్లు గీసి సంతకం చేస్తున్నరని క్లారెన్స్ జాన్‌స్టన్ అనే అధికారి పట్టుకున్నడు. కాలువ ఒక దిక్కు, మ్యాపుల గీత ఒక దిక్కు. అప్పుడు ఇంజనీర్లకు, సర్వేయర్లకు లైసెన్సు ఉండాలని చట్టం తెచ్చిండ్రు. ఇప్పుడు ఆ దేశంల అన్ని రాష్ట్రాలల్ల ఉంది, చాలా రాష్ట్రాలల్ల జియాలజిస్టులకు కూడా ఉంది. అక్కడ మనం చూడాల్సింది పరీక్ష కాదు. బోర్డు ఉంటది, మామూలు మనిషి ఫిర్యాదు ఇయ్యొచ్చు, తప్పు తేలితే లైసెన్సు ఆపుతరు.

జియాలజిస్టు అంటే యాదికొచ్చింది, బోర్ల సంగతి. ఇక్కడైతే నాకు కోపం ఇంకా ఎక్కువ. 2002 వాల్టా చట్టం ప్రకారం బోరు వేయాలంటే అనుమతి కావాలె, రిగ్గు బండి రిజిస్టర్ అయి ఉండాలె. ఇనుప బండికి రిజిస్ట్రేషన్ అడిగిన చట్టం, "ఇక్కడ వేయి" అని వేలు పెట్టి చూపించేటోన్ని మాత్రం నీ చదువేందని అడగదు. కొబ్బరికాయ నిలబడ్డదంటడు, యాపపుల్ల తిరిగిందంటడు, పైసలు తీసుకొని పోతడు. 600 అడుగులు దుమ్ము లేస్తది. మన నేల గట్టి రాయి. పైన మురిగిన రాయిల, లోపల పగుళ్లల్ల తప్ప నీళ్లుండయి. పగులు ఎక్కడుందో చూడడానికి భూమికి కరెంటు పంపి కొలిచే పద్ధతి ఉంది. జిల్లా భూగర్భజల శాఖల జియాలజిస్టులు ఉంటరు. వాళ్లది కూడా నూటికి నూరు నిజం కాదు, రాయి మనిషి మాట వినదు. గని వాళ్లు ఏ లోతుకు ఏం కనబడ్డదో కాగితం మీద రాసిస్తరు, రేపు తప్పితే ఆ కాగితం నిలదీస్తది. కొబ్బరికాయ ఏం రాసిస్తది? మూడో బోరు ఎండినంక అప్పు ఎట్ల మెడకు చుట్టుకుంటదో చెప్పాల్నా మీకు. మన ఊళ్లల్ల ఆ తొవ్వల పోయిన మనుషులు మనకు గుర్తున్నరు. ఎన్‌జీఆర్‌ఐ ఉన్న రాష్ట్రంల ప్రైవేటుగా పాయింట్ పెట్టేటోనికి ఒక నమోదు పుస్తకం లేకపోవుడు సిగ్గుచేటు.

ఇప్పుడు కొత్త సర్పంచులు వచ్చిండ్రు. గ్రామసభల దండలు, ఫొటోలు అయినంక ఇది పెట్టించండి. ఎకరాకు కొలత ఫీజు ఎంతో పంచాయతీ గోడ మీద రాయాలె. కొలిచే ముందు చుట్టూ ఉన్న రైతులందరికీ నోటీసు పోవాలె, వాళ్ల సంతకం లేకుండా గొలుసు లేవొద్దు. నోటీసు అందినా రానోని సంగతి వేరే. నక్షా మీద సర్వేయర్ పేరు, లైసెన్సు నంబరు, ఏ పాత రాయి నుంచి మొదలుపెట్టిండో రాయాలె. ఈ చివరిది చాలా ముఖ్యం, మా యాపచెట్టు గుర్తుంచుకోండి. నకలు ఇద్దరికీ ఇయ్యాలె. కొలిచిన ప్రతి పదింటిల ఒకటి సర్కారు సర్వేయర్ మళ్లీ కొలవాలె, ఏది కొలుస్తరో ముందు చెప్పొద్దు. తప్పు తేలితే మళ్లీ కొలిచే ఖర్చు లైసెన్సు గలోడే పెట్టుకోవాలె, దానికి ముందుగల్ల కొంత డిపాజిట్ ఉంచుకోవాలె. ఎవరి లైసెన్సు ఆగిందో మండల ఆఫీసుల బోర్డు మీద కనబడాలె.

లైసెన్సు వచ్చిన పిల్లలు నా మీద కోపం పెట్టుకోకండి. మీకు కూడా ఇదే రక్ష. రేపు ఎవడన్న బలుపుగాడు "గీత గిట్ల జరుపు" అని ఒత్తిడి పెడితే, "అన్నా, నా డిపాజిట్ పోతది, లైసెన్సు పోతది" అని చెప్పుకోవడానికి మీకు ఒక ఆసరా ఉంటది. ఏ ఆసరా లేకుండా సొంత ఊళ్ల పాలోళ్ల మధ్యల నిలబడి హద్దు చెప్పుడు ఎంత కష్టమో మొదటి నెలలనే మీకు తెలిసొస్తది.

నేనైతే మా సర్వే నంబర్ టిప్పన్ నకలు కోసం దరఖాస్తు పెట్టిన. ఎన్ని రోజులు పట్టింది, ఎంత ఖర్చయింది వచ్చినంక ఇక్కడనే రాస్త. మీ దిక్కు లైసెన్స్డ్ సర్వేయర్ వచ్చి కొలిచి ఉంటే ఎకరాకు ఎంత తీసుకున్నడు, పక్క రైతును పిలిచిండా లేదా కింద రాయండి. మనిషి పేరు వద్దు, మండలం పేరు చాలు.