రాత్రి ఎవరిదో కిరండూల్ నుంచి చూస్తే తెలుస్తుంది

మా నాన్నకు నైట్ షిఫ్ట్ పడిన వారం అమ్మ మాకు ఏడింటికే అన్నం పెట్టేసేది. నాన్న క్యారియర్ పట్టుకుని గుమ్మం దిగేసరికి బైలదిల్లా కొండ మీద గనుల దీపాలు వరుసగా వెలిగి ఉండేవి. మొదటిసారి కిరండూల్ వచ్చిన చుట్టాలు ఆ వెలుగు చూసి "పైన కూడా ఊరుందా?" అని అడిగేవారు. పైన ఊరు లేదు. ఇనుప రాయి తవ్వే మనుషులున్నారు, యంత్రాలున్నాయి. మా నాన్న అక్కడ కాంట్రాక్టు కార్మికుడు. శ్రీకాకుళం జిల్లా మాలపేట నుంచి పని వెతుక్కుంటూ రైలెక్కి, కొత్తవలస-కిరండూల్ లైను ఎక్కడ ఆగిపోతుందో అక్కడ దిగినవాడు.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో పాఠాలు చెబుతున్నాను. నా విద్యార్థుల్లో కొన్నేళ్లుగా ఒక చర్చ వింటున్నాను. నగరం రాత్రి ఎంతసేపు మేలుకుని ఉండాలి? ముంబైలో కొన్ని ప్రాంతాల్లో మాల్స్, హోటళ్లు 24 గంటలూ తెరుచుకోవచ్చని మహారాష్ట్ర ప్రభుత్వం 2020 జనవరిలో నిర్ణయించింది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూడా ఏడాదికి 10,000 రూపాయల రుసుము కట్టే దుకాణాలకు 24 గంటల అనుమతి ఇస్తూ ఉత్తర్వు తెచ్చింది. 2024 జూన్ వచ్చేసరికి అదే హైదరాబాద్‌లో పోలీసు వాహనాలు మైకులు పెట్టి, రాత్రిపూట రోడ్ల మీద కనిపిస్తే లాఠీ తప్పదని హెచ్చరిస్తూ తిరిగాయి. ఆగస్టులో ముఖ్యమంత్రి శాసనసభలో మద్యం దుకాణాలు తప్ప మిగతావి రాత్రి ఒంటిగంట దాకా ఉండొచ్చని ప్రకటించారు.

ఈ చర్చలో రెండు గొంతులు వినిపిస్తాయి. రాత్రి వ్యాపారం పెరిగితే నగరానికి ఆదాయం, పేరు వస్తాయని ఒకరంటారు. అర్ధరాత్రి తిరుగుళ్లు మన సంస్కృతి కాదని మరొకరంటారు. ఇద్దరూ గడియారం ముల్లు గురించే మాట్లాడుతున్నారు. ఆ ముల్లు తిరుగుతున్నంతసేపూ నిలబడి పనిచేసేది ఎవరు, ఏ మనిషి బయట కనిపిస్తే పోలీసు బండి ఆగుతుంది అన్నవి ఇద్దరికీ ప్రశ్నలు కావు. నా దృష్టిలో అసలు ప్రశ్నలు అవే.

ముందు సంస్కృతి మాట తేల్చుకుందాం. తెలంగాణ పల్లెల్లో చిందు మాదిగలు యక్షగానం మొదలుపెడితే తెల్లవారేదాకా సాగేది. చిందుల ఎల్లమ్మ లాంటి కళాకారిణి అలా రాత్రంతా ఆడి పాడే పెద్దది అయింది. ఉత్తర బస్తర్‌లో మురియా ఆదివాసీల ఘోటుల్ చీకటి పడ్డాక తెరుచుకునేది. పాట, ఆట, ఊరి కట్టుబాట్లు యువతీ యువకులు అక్కడే నేర్చుకున్నారు. బయటివాళ్లు దాన్ని వంకర చూపుతో చూసి కథలు అల్లారు. పగలంతా ఇంకొకరి పొలంలోనో కొలువులోనో గడిచిపోయే జనానికి తమకంటూ మిగిలిన సమయం రాత్రే. కాబట్టి రాత్రి జీవితం విదేశాల నుంచి దిగుమతి అయిందన్న మాట మన చరిత్ర తెలియనివాళ్లు చెప్పే మాట.

అయితే ఆ రాత్రి ఊరి చివరనే జరగాలి. ఊరి నడిబొడ్డున, నగర వీధిలో మన ఉనికికి సమయం గీసిన వ్యవస్థ ఈ దేశంలో ఉండేది. పేష్వాల కాలపు పూనాలో మధ్యాహ్నం 3 దాటాక, ఉదయం 9 కాకముందు అంటరానివాళ్లు కోట గుమ్మం లోపల ఉండకూడదన్న నిషేధం గురించి చరిత్రకారులు రాశారు. ఆ వేళల్లో నీడలు పొడుగ్గా పడతాయి, అవి బ్రాహ్మణుల మీద పడి మైలపడతారని కారణం. కర్ఫ్యూ అన్న మాట మన భాషలోకి రాకముందే మనకు కర్ఫ్యూ ఉంది. అది నేరాన్ని చూసి పెట్టింది కాదు, పుట్టుకను చూసి పెట్టింది.

ఆ వాసన ఇంకా పోలేదు. హైదరాబాద్ పాతబస్తీలో 'చబుత్ర' పేరుతో పోలీసులు 2015 నుంచి రాత్రిళ్లు అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను పట్టుకెళ్లి, తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చారు. ఆ కుర్రాళ్లకు ఇంట్లో సొంత గది ఉండదు. అరుగే వాళ్ల హాలు, వాళ్ల కేఫ్. అదే గంటలో పబ్‌లో కూర్చున్న కుర్రాడిది నైట్‌లైఫ్, అరుగు మీద కూర్చున్న కుర్రాడిది ఆవారా తిరుగుడు. ఒకరిది కొనుక్కున్న రాత్రి, మరొకరిది అనుమానించిన రాత్రి.

ఇక పని సంగతి. దీనికి నేను మళ్లీ కిరండూల్ వెళ్లాలి. 1960ల చివర్లో జపాన్‌కు ఎగుమతి కోసం ఇక్కడ గనులు, విశాఖ దాకా రైలు మార్గం మొదలయ్యాయి. విశాఖ ఉక్కు కర్మాగారానికి ఖనిజం ఈ కొండల నుంచే వెళ్తుంది. ఖనిజాన్ని పొడి చేసి నీళ్లలో కలిపి విశాఖకు పంపే పైపులైను కూడా ఉంది. గని, లోడింగ్, గూడ్సు బండి ఏవీ రాత్రికి ఆగవు. హైదరాబాద్ ఫ్లైఓవర్‌లో ఏ కడ్డీ ఏ కొండదో నేను చెప్పలేను. కానీ నగరాల రాత్రులు వెలగడానికి ముందు ఇక్కడ ఎవరో రాత్రంతా మేలుకోవాలని మాత్రం చిన్నప్పుడే తెలుసు.

ఆ మేలుకున్న ఊరికి రాత్రి ఎలాంటిది? మావోయిస్టు బంద్ వారాల్లో ప్రయాణికుల రైలును కిరండూల్ దాకా రానివ్వకుండా దంతెవాడలోనో జగదల్‌పూర్‌లోనో ఆపేసేవారు. జ్వరమొచ్చినా, చావు కబురొచ్చినా అక్కడే దిగి తెల్లారేదాకా కూర్చోవాలి. సెలవులకు ఇంటికి వస్తూ నేనూ అలా స్టేషన్ బల్ల మీద రాత్రులు గడిపాను. పర్యాటకులు ఇదే లైను మీద అద్దాల పెట్టెలో అరకు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోతారు. ఆ తర్వాతి చీకటి వాళ్ల టికెట్‌లో ఉండదు.

గని వచ్చిన తొలి ఏళ్లలో బయటి నుంచి వచ్చిన మగవాళ్లు ఆదివాసీ అమ్మాయిలతో కాపురం చేసి వదిలేసేవారు. అప్పటి బస్తర్ కలెక్టర్ బి.డి. శర్మ అలాంటి జంటలకు 300కు పైగా పెళ్లిళ్లు చేయించాల్సి వచ్చింది. బయటి నుంచి వచ్చినవాళ్లం అన్నమాటలో మేమూ ఉన్నాం. కులం మమ్మల్ని ఊరు దాటించింది నిజమే కానీ, అది ఇక్కడి ఆడపిల్లల మీద మాకు ఇచ్చిన హక్కు ఏమీ లేదు. 1978 ఏప్రిల్ 5న, యంత్రాలు వచ్చి పని పోయిన కాంట్రాక్టు కార్మికుల ఆందోళన మీద కిరండూల్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. కార్మికులు చనిపోయారు, వాళ్ల గుడిసెలు కాలిపోయాయి. మా బస్తీ ముసలివాళ్లు ఆ రాత్రి గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవారు.

నేను చూసిన కిరండూల్ రాత్రుల్లో అన్నిటికన్నా స్వేచ్ఛగా అనిపించినవి 2019 జూన్‌లోవి. 13వ నంబరు నిక్షేపం తవ్వకాన్ని అదానీ సంస్థకు అప్పగించారని, ఆ నందరాజ్ కొండ తమ దేవుడి కొండ అని, గ్రామసభ సమ్మతి బూటకమని వేలాది ఆదివాసీలు జూన్ 7 నుంచి ఎన్‌ఎండీసీ కార్యాలయం ముందు కూర్చున్నారు. బియ్యం మూటలు, గిన్నెలు, విల్లులు తెచ్చుకుని రోడ్డు మీదే వండుకుని, డోలు కొట్టుకుని, అక్కడే పడుకున్నారు. నాలుగైదు రోజులకే రాష్ట్ర ప్రభుత్వం పనులు ఆపింది. ఎవరి అనుమతీ లేకుండా ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు నడిరోడ్డు మీద నిర్భయంగా నిద్రపోగలగడం కన్నా గొప్ప నైట్‌లైఫ్ నేను ఏ నగరంలోనూ చూడలేదు.

ఈ అనుభవంతో హైదరాబాద్ చర్చకు తిరిగి వస్తే, నేను రాత్రి నగరానికి వ్యతిరేకిని కాను. బాబాసాహెబ్ పల్లెను కీర్తించలేదు. పల్లెలో మన కులం అందరికీ తెలుసు, నగరంలో రాత్రి పది దాటాక టీ బండి దగ్గర నిలబడితే ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడం మనకు చిన్న విముక్తి. అది ఒంటిగంట దాకా కాదు, తెల్లారేదాకా ఉండాలి. కానీ దాని ఖర్చు ఎవరి నిద్రలోంచి తీస్తున్నారో అడగాలి.

వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా 1942 నుంచి 1946 వరకు ఉన్న అంబేడ్కర్ ఫ్యాక్టరీ పనిని వారానికి 54 గంటల నుంచి 48కి తగ్గించే చట్ట సవరణ తెచ్చారు. రోజుకు ఎనిమిది గంటల పని అంటే మిగతా సమయం మనిషిదేనని అర్థం. ఆ మిగిలిన గంటల్లోనే కార్మికుడు చదువుతాడు, సంఘం పెడతాడు, పిల్లల ముఖం చూస్తాడు. 2025లో తెలంగాణ వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పనికి అనుమతి ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఫ్యాక్టరీల పనిదినాన్ని 10 గంటలకు పెంచే సవరణకు ఆమోదం తెలిపింది. వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉందంటున్నారు. సంఘం లేని హోటల్ కుర్రాడి వారాన్ని లెక్కపెట్టేది ఎవరు?

ఆడవాళ్ల విషయంలోనూ ఇంతే. 2019 నుంచి ఓపెన్‌కాస్ట్ గనుల్లో రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా మహిళలు పనిచేయవచ్చు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్ అన్ని సంస్థల్లోనూ వాళ్ల సమ్మతితో రాత్రి పనికి దారి తెరిచింది. తలుపు తెరవడం మంచిదే. కానీ కాంట్రాక్టు మీద ఉన్న దళిత మహిళ 'నాకు సమ్మతి లేదు' అని చెప్పి మర్నాడు కూడా పనిలో ఉండగలిగితేనే అది సమ్మతి. రాత్రిళ్లు నగరం రోడ్లు ఊడ్చే మహిళలు సమ్మతి పత్రాలు అడిగితే ఇచ్చినవాళ్లు కారు. వాళ్లు వెలిగిపోతున్న వీధి మధ్య మరుగుదొడ్డి కోసం వెతుక్కుంటున్నారు.

హోటళ్లు ఒంటిగంటకు మూస్తారు. చివరి మెట్రో 11 గంటలకే బయలుదేరుతుంది. తిన్నవాడు కారులో వెళ్తాడు. గిన్నెలు కడిగినవాడు ఎలా వెళ్తాడు? రాత్రి విధానం రాసేవాళ్లు మొదట రాయాల్సింది రాత్రి బస్సుల వేళలు. ఆ తర్వాత మరుగుదొడ్లు, ఎనిమిది గంటలు దాటితే రెట్టింపు కూలి, డెలివరీ కార్మికులకు సామాజిక భద్రత, 2014 వీధి వ్యాపారుల చట్టం రాత్రి కూడా వర్తిస్తుందన్న ఆదేశం. రాజస్థాన్ 2023లోనే గిగ్ కార్మికుల కోసం చట్టం చేసింది కాబట్టి ఇది అసాధ్యమన్న మాట చెల్లదు.

చివరిగా విద్యార్థుల గురించి. పరేల్‌లోని ఒంటిగది ఇంట్లో చిన్న భీమ్‌రావును తండ్రి రెండు గంటలకు నిద్ర లేపితే, అందరూ పడుకున్నాక దొరికిన ఆ ఖాళీలో తెల్లారేదాకా చదివేవాడు. ఇవాళ అశోక్‌నగర్ గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటూ పరీక్షలకు చదివే పిల్లలది అదే పరిస్థితి. రాత్రి దుకాణాలు ఎంతసేపు తెరిచి ఉండాలో నిర్ణయించే ప్రభుత్వాన్ని, ప్రతి నియోజకవర్గంలో ఒక గ్రంథాలయం తెల్లవార్లూ తెరవమని ఎందుకు అడగం? 2016 జనవరిలో హాస్టల్ నుంచి గెంటివేతకు గురైన ఐదుగురు దళిత పరిశోధకులు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆరుబయట పడుకున్నారు. ఆ చోటికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. వాళ్లలో రోహిత్ వేముల ఇక లేడు. విశ్వవిద్యాలయమే కొందరికి రాత్రి తలుపు మూస్తే, నగరం తెరిచి ఉండి ఏం లాభం?

నాన్న నైట్ షిఫ్ట్ దిగి ఎర్ర దుమ్ముతో ఇంటికి వచ్చాక, అమ్మ కిటికీకి దుప్పటి కట్టి గది చీకటి చేసేది. మేం గుసగుసగా మాట్లాడుకునేవాళ్లం. అయినా ఆయనకు పగలు నిద్ర సరిగా పట్టేది కాదు. ఈసారి అర్ధరాత్రి దాటాక మీ గది తలుపు దగ్గరికి బిర్యానీ తెచ్చిన మనిషిని రెండు మాటలు అడగండి. డ్యూటీ ఎప్పుడు ఎక్కాడు, ఇంటికి ఎలా వెళ్తాడు అని. ఆ జవాబులు రాసిపెట్టుకోండి. నగరపు రాత్రి మీద మనం చేయాల్సిన పరిశోధన అక్కడ మొదలవుతుంది.