కాగితం దగ్గర మొహమాటం, మనిషి దగ్గర అనుమానం

మన బెంగళూరు తెలుగు ఇళ్లల్లో నాలుగు డబ్బులు చేతిలో పడితే మొదట వచ్చే ఆలోచన ఒకటే: ఇంకో ఇల్లు కొని బాడిగకు ఇద్దామని. ముసలితనానికి ఆసరా, పిల్లల చదువుకు దన్ను. ఆలోచన తప్పని మేము అనం. మా ఇల్లు కూడా చాలా ఏళ్లు పైఅంతస్తు బాడిగ మీదే నడిచింది. కానీ మనవాళ్లు జాగ్రత్త పడాల్సిన చోట పడకుండా, అక్కరలేని చోట పడుతున్నారని మా అభిప్రాయం. కొనేటప్పుడు "తెలిసినవాళ్లే కదా" అని కాగితాలు అడగడానికి మొహమాటం. బాడిగకు ఇచ్చేటప్పుడు మాత్రం వచ్చినవాళ్ల కులమేంది, తిండేంది, భాషేంది అని ఆరా. ఇది తిరగబడాల.

ముందు లెక్క చూద్దాం. మాటవరసకు ఫ్లాటు 60 లక్షలు, బాడిగ నెలకు 18 వేలు. ఏడాదికి 2,16,000, అంటే పెట్టినదాని మీద 3.6 శాతం. ఒక నెల ఖాళీ, ఆస్తి పన్ను, రంగులు, ప్లంబరు అన్నీ పోతే 3 శాతం దగ్గర నిలుస్తుంది. 45 లక్షలు అప్పు తెచ్చి కొన్నామనుకోండి. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల కంతు నెలకు సుమారు 39 వేలు. బాడిగ పోగా 21 వేలు మన జీతంలోంచి పోవాల. "బాడిగే కంతు కట్టేస్తుంది" అని ఏజెంటు చెప్తే కాగితం, పెన్ను ఇచ్చి లెక్క రాసి చూపమనండి. ధర పెరుగుతుందనే ఆశతో కొంటే కొనండి, కానీ అది ఆశ అని తెలిసి కొనండి. సొంత సైటు ఉన్నవాళ్లు మంజూరైన ప్లాను ప్రకారం పైన ఒక అంతస్తు వేసుకుంటే స్థలం ఖర్చు ఉండదు కాబట్టి అదే బాడిగ ఎక్కువ గిట్టుబాటు అవుతుంది.

ఇక కాగితాలు. మేము కన్నడ మీడియంలో చదువుకున్నవాళ్లం. తెలుగు అక్షరాలు ఇంట్లో అవ్వ దగ్గర దిద్దుకున్నాం. ఆ కన్నడ చదువు ఎక్కువగా పనికొచ్చింది ఇక్కడే. పాత క్రయపత్రాలు చాలా కన్నడలో ఉంటాయి. మన పెద్దవాళ్లు చాలామంది కన్నడ చక్కగా మాట్లాడతారు, కానీ చదవలేక ఎవరో చెప్పింది విని సంతకం పెడతారు. చక్కుబందిలో నాలుగు దిక్కులా ఏముందో రాసి ఉంటుంది. దాన్ని చేతబట్టుకుని స్థలం మీదికి పోయి చూసినవాళ్లు ఎంతమంది? చదవగలిగిన పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లతో గట్టిగా చదివించుకోండి.

చూడాల్సినవి ఇవి. మూల పత్రం నుండి ఇప్పటి అమ్మకందారు దాకా గొలుసు తెగకుండా ఉండాల. కనీసం 30 ఏళ్ల ఈసీ తీయించాల. అయితే ఈసీలో రిజిస్టరైనవే కనిపిస్తాయి. రిజిస్టరు కాని ఒప్పందాలు, కోర్టు తగాదాలు అందులో ఉండవు కాబట్టి వకీలుకు చూపించే ఖర్చు తప్పదు. ఖాతా అంటే పన్ను కట్టే లెక్క. దానితోనే హక్కు రాదు. ఏ-ఖాతానా, బి-ఖాతానా అన్నది బ్యాంకు అప్పు దగ్గర తేలుతుంది. జీపీఏ మీద అమ్మితే యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. అయినా "జీపీఏ ఉంది, తక్కువకు వస్తుంది" అనే మాట ఇప్పటికీ మన పెళ్లిళ్లలో వినపడుతుంది. తక్కువ ఎందుకో అడగాల. హోసూరు వైపు కొనేవాళ్లు ఖాతా బదులు పట్టా చూసుకోవాల.

టెస్టింగు ఉద్యోగంలో మేము రోజూ చేసేది ఇదే. రాసినవాడు మంచివాడా కాదా అని చూడం, రాసింది పని చేస్తుందా అని చూస్తాం. బావమరిది అమ్మినా అదే ఈసీ, పరాయివాడు అమ్మినా అదే ఈసీ. అడిగితే బాధపడతారంటారు. ఈరోజు పడే బాధ పదేళ్ల తర్వాత కోర్టులో పడే బాధకన్నా చిన్నది.

ఇప్పుడు బాడిగవాళ్ల సంగతి. మన తాతలు ఈ ఊరికి వచ్చినప్పుడు వఠారాల్లో ఉన్నారు. పది సంసారాలకు ఒక కొళాయి. "మీ భాష వేరే" అనే మాట పడినవాళ్లు వాళ్లు. వాళ్ల మనవలమైన మనం ఇల్లు కట్టుకుని, గేటు దగ్గర నిలబడి అదే మాట ఇంకొకరిని అడుగుతున్నాం. ఇది న్యాయం కాదన్నది ఒకటి, దీనివల్ల లాభమూ లేదన్నది రెండు. ఒకటో తేదీకే బాడిగ ఇచ్చినవాళ్లలో, నెల దాటించినవాళ్లలో అన్ని భాషలవాళ్లనూ, అన్ని రకాల తిండివాళ్లనూ మేము చూశాం. మనవాడే కదా అని అగ్రిమెంటు లేకుండా ఇచ్చిన ఇంటిని ఖాళీ చేయించడం ఎంత కష్టమో మన చుట్టాల్లో అందరికీ తెలుసు.

"ఇల్లు మాది, ఎవరికివ్వాలో మా ఇష్టం" అంటారు పెద్దలు. ఇల్లు మీదే. కానీ మీకు కావాల్సింది బాడిగ సమయానికి రావడం, ఇల్లు శుభ్రంగా ఉండడం, రాత్రి గొడవ లేకపోవడం. వీటిలో ఏదీ కులం అడిగితే తెలియదు. ఉద్యోగం ఎక్కడ, ఇంతకు ముందు ఇంటి ఓనరు ఫోన్ నంబరు ఏంది, ఎంతమంది ఉంటారు, బండ్లు ఎన్ని అని అడిగితే తెలుస్తుంది. మిగతాది అగ్రిమెంటులో రాయాల: చెత్త, నీళ్ల మోటారు, పార్కింగు, ఏడాదికి ఎంత పెంచేది, ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత పట్టుకునేది. ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందరూ 11 నెలలు రాసుకునేది అందుకే.

చివరగా అడ్వాన్సు. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు అలవాటు. 2021 నాటి కేంద్రం మోడల్ టెనెన్సీ యాక్ట్ అయితే ఇళ్లకు రెండు నెలలు చాలంటుంది, కానీ రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే అది అమలవుతుంది. ఎంత తీసుకున్నా అది వాళ్ల సొమ్ము. మన ఇళ్లల్లో ఆ డబ్బు చేతికి రాగానే బంగారానికో, కంతుకో పోతుంది. తర్వాత కొత్తవాళ్లు వచ్చేదాకా పాతవాళ్లను తిప్పుతాం. భోగ్యానికి ఇచ్చినవాళ్ల దగ్గర లక్షలు ఇంకా ఎక్కువ, తిప్పడం ఇంకా ఎక్కువ. బ్యాంకులో విడిగా ఫిక్సెడ్ డిపాజిట్ వేసి, ఖాళీ చేసిన రోజే తాళం తీసుకుని డబ్బు ఇచ్చేయండి.

మైసూరు, బళ్లారి, హోసూరు వైపు మనవాళ్ల పద్ధతులు వేరేగా ఉండొచ్చు. రాయండి, చదువుతాం. ఈ వారంలో మాత్రం ఒక పని చేయండి: మీ ఇంటి పత్రాలు తీసి, కన్నడ చదవగలిగినవాళ్లతో చక్కుబంది ఒక్కసారి చదివించుకోండి.