దిగే మెట్టు కూడా ఉండాలి

జంషెడ్‌పూర్‌లో చదువుకునే తెలుగు పిల్లలకు ఫుట్‌బాల్‌లో రెండు సొంత జట్లు ఉండేవి. ఒకటి మేము ఉంటున్న ఊరి జట్టు జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ. రెండోది సెలవులకు వెళ్ళే అమ్మమ్మగారి ఊళ్ళ వైపు జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్‌లో ఈ రెండూ మాకు పండగ చేశాయి. జంషెడ్‌పూర్ 20 మ్యాచ్‌లలో 43 పాయింట్లు తెచ్చుకుని పట్టికలో మొదటి స్థానంలో నిలిచి షీల్డ్ గెలిచింది. రెండో స్థానంలో ఉన్న హైదరాబాద్ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి కప్పు అందుకుంది.

రెండేళ్ళు తిరిగేసరికి అంతా తలకిందులైంది. 2023-24లో 12 జట్ల పట్టికలో జంషెడ్‌పూర్ 11వ స్థానంలో, హైదరాబాద్ 12వ స్థానంలో మిగిలాయి. ఓడలు బళ్ళు అవుతాయని పెద్దలు ఊరికే అనలేదు.

ఇదే ఇంగ్లాండ్‌లో అయితే ఈ రెండు జట్లూ మరుసటి ఏడాది కింది లీగ్‌లో ఆడాల్సి వచ్చేది. మన దగ్గర ఏమీ కాలేదు. రెండూ మళ్ళీ అదే లీగ్‌లో ఆడాయి. అప్పుడు మాకు హాయిగానే అనిపించింది. కానీ ఆలోచిస్తే, మన లీగ్‌లోనూ కిందికి దిగే నియమం ఉండాలనే మా అభిప్రాయం. దిగాల్సింది మా జట్టే అయినా సరే.

ముందు ఆ నియమం ఏమిటో చూద్దాం. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు ఉంటాయి. ఒక్కో జట్టు 38 మ్యాచ్‌లు ఆడుతుంది. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. చివరికి అడుగున ఉన్న మూడు జట్లు చాంపియన్‌షిప్ అనే కింది లీగ్‌కు దిగిపోతాయి. దీన్నే రెలిగేషన్ అంటారు. వాటి బదులు అక్కడి నుంచి మూడు జట్లు పైకి వస్తాయి. ఇలా పైకి వచ్చిన జట్టుకు మొదటి ఏడాదే పెద్ద గండం. 2023-24లో కొత్తగా వచ్చిన లూటన్, బర్న్‌లీ, షెఫీల్డ్ యునైటెడ్ మూడూ దిగిపోయాయి. 2024-25లో వచ్చిన లెస్టర్, ఇప్స్విచ్, సౌతాంప్టన్ మూడింటికీ అదే గతి పట్టింది.

ఈ గండం ఎలా ఉంటుందో బాగా తెలిసిన ఒక మనిషి మన జంషెడ్‌పూర్ జట్టుకే కోచ్‌గా పనిచేశాడు. మనకు షీల్డ్ గెలిపించిన ఓవెన్ కోయల్ ఆయనే. కరోనా వల్ల ఆయన ఉన్న రెండు సీజన్లూ గోవాలోనే జరిగాయి. అందుకే ఈ ఊరు ఆ విజయాన్ని టీవీలోనే చూసింది. అంతకు ముందు, 2009లో, ఆయన ఇంగ్లాండ్‌లో బర్న్‌లీ జట్టును పై లీగ్‌కు తీసుకెళ్ళాడు. జంషెడ్‌పూర్‌కు ఉక్కు ఎలాగో బర్న్‌లీకి ఒకప్పుడు నూలు మిల్లులు అలాగ. ఆ చిన్న ఊరి జట్టు అగ్రశ్రేణిలో అడుగు పెట్టడానికి 33 ఏళ్ళు పట్టింది.

2009 ఆగస్టు 19న సొంత మైదానం టర్ఫ్ మూర్‌లో వాళ్ళ మొదటి మ్యాచ్. ఎదురుగా ఉన్నది అప్పటి చాంపియన్ మాంచెస్టర్ యునైటెడ్. బర్న్‌లీ తరఫున రాబీ బ్లేక్ గోల్ కొట్టాడు. గోల్‌కీపర్ బ్రయాన్ జెన్సెన్ ఒక పెనాల్టీని ఆపేశాడు. బర్న్‌లీ 1-0తో గెలిచింది. సొంత ఊళ్ళో మొదటి నాలుగు మ్యాచ్‌లూ గెలిచిన ఆ జట్టు, బయటి మైదానాల్లో మాత్రం నవంబరు దాకా ఒక్క పాయింటు కూడా తెచ్చుకోలేదు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్నట్టు సాగింది వాళ్ళ ఆట.

అయినా 20 మ్యాచ్‌లలో 20 పాయింట్లు వచ్చాయి. కొత్త జట్టుకు అవి తక్కువేమీ కాదు. సరిగ్గా అప్పుడే, 2010 జనవరిలో, కోయల్ బోల్టన్ జట్టుకు వెళ్ళిపోయాడు. కొత్త కోచ్ వచ్చాడు. మిగిలిన 18 మ్యాచ్‌లలో బర్న్‌లీకి దక్కినవి 10 పాయింట్లే. మొత్తం 30తో 18వ స్థానం. 35 పాయింట్లున్న వెస్ట్‌హామ్ 17వ స్థానంలో బతికి బయటపడింది. బర్న్‌లీ దిగిపోయింది.

కథ అక్కడితో అయిపోతే ఈ నియమం క్రూరమైనదని మేమూ ఒప్పుకునేవాళ్ళం. కానీ బర్న్‌లీ 2014లో మళ్ళీ పైకి వచ్చింది, 2015లో మళ్ళీ దిగింది. ఈసారి కోచ్ షాన్ డైచ్ జట్టుతోనే ఉన్నాడు, క్లబ్బూ ఆయనను వదులుకోలేదు. మరుసటి ఏడాదే కింది లీగ్‌లో మొదటి స్థానం సాధించి పైకి వచ్చారు. 2017-18లో ప్రీమియర్ లీగ్‌లో ఏడో స్థానంలో నిలిచి యూరప్ పోటీలకు కూడా అర్హత పొందారు. దిగిన జట్టు మళ్ళీ ఎక్కగలదు. ఎక్కే మెట్టు చెక్కుచెదరకుండా ఉండి, కష్టకాలంలో మనుషులు వదిలి వెళ్ళకపోతే చాలు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ఇండియన్ సూపర్ లీగ్ 2014లో మొదలైంది. ఐ-లీగ్ గెలిచి పైకి వచ్చిన మొదటి జట్టు 2023లో పంజాబ్ ఎఫ్‌సీ. ఆ కొత్త జట్టు మొదటి ఏడాదే 8వ స్థానంలో నిలిచి మన జంషెడ్‌పూర్‌ను దాటిపోయింది. 2024లో కోల్‌కతాకు చెందిన మొహమ్మదన్ స్పోర్టింగ్ వచ్చింది. 24 మ్యాచ్‌లలో రెండే గెలిచి, 13 పాయింట్లతో 13వ స్థానంలో, అంటే అట్టడుగున మిగిలింది. ఆ ఏడాది కూడా కిందికి దిగిన జట్టు లేదు.

మరి ఈ రెండేళ్ళూ తలుపు బయట నిలబడ్డది ఎవరు? హైదరాబాద్‌కు చెందిన శ్రీనిధి డెక్కన్. ఐ-లీగ్‌లో 2022-23లో రెండో స్థానం, 2023-24లోనూ రెండో స్థానం. పైకి వెళ్ళేది ఒక్క జట్టే కాబట్టి రెండుసార్లూ శ్రీనిధికి దక్కింది చప్పట్లే. ఇంగ్లాండ్‌లో అయితే కింది లీగ్‌లో రెండో స్థానం వచ్చిన జట్టు నేరుగా పైకి వెళ్తుంది. పై నుంచి ఎవరూ దిగకపోతే కింద ఉన్నవాళ్ళకు చోటు ఎక్కడి నుంచి వస్తుంది? బస్సులో ఎవరూ దిగకుండా స్టాపులో ఉన్నవాళ్ళను ఎంతమందినని ఎక్కించుకోగలం?

మా క్లాసులో దీనికి గట్టి జవాబే వచ్చింది. జంషెడ్‌పూర్ 2022-23లో 11 జట్లలో 10వ స్థానంలో ఉంది, మరుసటి ఏడాది 12లో 11వ స్థానంలో. అప్పుడే దించేసి ఉంటే ఏమయ్యేది? ఖాలిద్ జమీల్ కోచ్‌గా వచ్చి 2024-25లో జట్టును 5వ స్థానానికి తీసుకొచ్చాడు. సెమీఫైనల్ ఆడించాడు, సూపర్ కప్ ఫైనల్‌కు చేర్చాడు. తర్వాత ఆయనే భారత జట్టుకు కోచ్ అయ్యాడు. దిగే భయం లేకపోవడం వల్లే ఇదంతా జరిగిందని మిత్రులు అంటారు. ఈ మాటలో నిజం ఉంది. కొత్తగా కట్టుకునే జట్టుకు సమయం కావాలి.

కానీ హైదరాబాద్ సంగతి కూడా చూడాలి. 2023-24లో ఆ జట్టు 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచింది, 8 పాయింట్లతో చివర నిలిచింది. నియమం దాన్ని దించలేదు. అయినా 2025లో ఆ జట్టు హైదరాబాద్‌ను వదిలి ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారిపోయింది. పట్టికలో చోటు కాపాడితే ఊళ్ళో జట్టు ఉంటుందన్న హామీ ఏమీ లేదు. జట్టును నిలబెట్టేది వేళకు అందే జీతాలు, మైదానానికి వచ్చే జనం, శిక్షణ పొందే పిల్లలు. 1987 నుంచి టాటా ఫుట్‌బాల్ అకాడమీని చూస్తున్న ఈ ఊరికి అది వేరే చెప్పక్కర్లేదు. దిగిన జట్లు ఆర్థికంగా కుప్పకూలకుండా ఇంగ్లాండ్‌లో కొన్నేళ్ళపాటు లీగ్ డబ్బు ఇస్తుంది. నియమాన్ని తెచ్చుకునేటప్పుడు ఆ సాయాన్ని కూడా తెచ్చుకోవాలి.

ఆట వైపు నుంచి కూడా ఒక మాట. అడుగున ఉన్న జట్టు చివరి మ్యాచ్‌లకు అర్థం ఉండాలంటే పోగొట్టుకునేది ఏదో ఉండాలి. బర్న్‌లీని వదిలి వెళ్ళిన కోయల్‌కే 2012లో బోల్టన్‌తో ఇది అనుభవమైంది. సీజన్ చివరి రోజు దాకా పోరాడి, ఒకే ఒక్క పాయింటు తేడాతో ఆయన జట్టు దిగిపోయింది. ఆ రోజు ఆ మైదానంలో ఎవరూ సమయం ఎప్పుడు గడుస్తుందా అని గడియారం చూసుకుని ఉండరు.

ఈ విషయం మీద మాకు ఇంత పట్టుదల ఎందుకంటే, కొత్తగా చేరడం అంటే ఏమిటో మాకు తెలుసు. నాన్నకో అమ్మకో బదిలీ ఉత్తర్వు వస్తుంది, రెండు మూడేళ్ళకోసారి ఊరు మారుతుంది. బదిలీ అంటే దిగిపోవడం కాదు, అది వేరు. కానీ కొత్త క్లాసులో మొదటి యూనిట్ టెస్టు రాసినప్పుడు మాలో చాలామంది పట్టికలో అడుగునే ఉంటాం. హిందీ వేగం అందదు, పాత బడిలో జరిగిన పాఠం ఇక్కడ జరగలేదు, ఇక్కడ అయిపోయిన పాఠం మాకు తెలియదు. అప్పుడే 'వీడు వెనకబడ్డవాడు' అని ముద్ర వేసేవాళ్ళు ఉంటారు.

వాళ్ళకు మేము లెస్టర్ గురించి చెబుతాం. 2014లో పైకి వచ్చిన ఆ జట్టు క్రిస్మస్ నాటికి అట్టడుగున ఉంది. చివరి 9 మ్యాచ్‌లలో 7 గెలిచి 14వ స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది, 2015-16లో, ఏకంగా ప్రీమియర్ లీగ్ చాంపియన్ అయింది. డిసెంబరు పట్టిక చూసి తీర్పు చెప్పి ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఇంగ్లాండ్ నియమం కఠినమైనదే, కానీ 38వ మ్యాచ్ అయ్యేదాకా ఎవరినీ దించదు. కొత్తవాళ్ళకు కావలసిన న్యాయం అదే. మమ్మల్ని పరీక్ష లేకుండా పాస్ చేయమని మేము అడగం. మొత్తం సంవత్సరం ఆడనిచ్చి, ఆ తర్వాత లెక్క చూడమంటాం. ఆ లోగా పక్క బెంచీ వాళ్ళు ఒక నోట్సు ఇస్తే, ఒకసారి ఆటలోకి పిలిస్తే, కొత్తవాళ్ళు నిలదొక్కుకుంటారు.

కాబట్టి మన లీగ్‌లో ఎక్కే మెట్టుతోపాటు దిగే మెట్టు కూడా కట్టాలి. కట్టాక మొదట దిగేది జంషెడ్‌పూరే అయితే బాధపడతాం, రెండు రోజులు అన్నం సయించకపోవచ్చు. అయినా కింది లీగ్ మ్యాచ్‌కు కూడా జేఆర్‌డీ టాటా స్టేడియానికి వెళ్తాం. అప్పటికి మాకు బదిలీ అయిపోయి ఉంటే, ఏ ఊళ్ళో ఉన్నా ఆ సాయంత్రం స్కోరు చూస్తాం.