గుండె ఆపరేషన్ సక్సెస్.. మరి గాయం సంగతేంటి? చిన్న ఖర్చుతో పెద్ద బిల్లుకు చెక్!

విశాఖపట్నం: బైపాస్ అయిపోయింది. పేషెంట్ మద్దిలపాలెంలో శ్రీకాకుళం బస్సెక్కేశాడు. ఆసుపత్రి లెక్కలో కేసు క్లోజ్. కానీ గాయానికి ముప్పు ఇంకా పోలేదు.

బైపాస్‌లో ఛాతీ ఎముకను కోసి, తిరిగి వైర్లతో బిగిస్తారు. లోపల చీము పడితే మళ్లీ థియేటర్, ఐసీయూ, వారాల తరబడి యాంటీబయాటిక్స్. ప్రాణాల మీదకూ రావొచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు రిస్క్ మరీ ఎక్కువ.

మరి నివారణకు లక్షలు కావాలా? అక్కర్లేదు. డబ్ల్యూహెచ్‌వో 2016 మార్గదర్శకాలు చెప్పేది ఇదే:
- ఆపరేషన్‌కు ముందు స్నానం
- బ్లేడుతో షేవింగ్ వద్దు, తప్పనిసరైతే క్లిప్పరే
- కోతకు ముందు 120 నిమిషాల్లోపు యాంటీబయాటిక్
- షుగర్ కంట్రోల్
- ముక్కులో స్టాఫ్ ఆరియస్ బ్యాక్టీరియా ఉంటే ముపిరోసిన్ ఆయింట్‌మెంట్

లెక్క వేద్దాం. మనిషికి రూ.500 అనుకుంటే 100 మందికి రూ.50 వేలు. ఒక ఇన్ఫెక్షన్‌కు రూ.2 లక్షలు అనుకుంటే, నూటికి ఒక్కటి తప్పినా డబ్బు మిగిలినట్టే. అదే మనిషికి రూ.5 వేలయ్యే ఖరీదైన డ్రెస్సింగ్ అయితే, కనీసం మూడు తప్పాలి. అందుకే ముందు చౌకైనవి పక్కాగా చేయాలి.

ఎన్టీఆర్ వైద్య సేవలో ప్యాకేజీ ధర ముందే ఖరారవుతుంది. చీము పడితే ఆసుపత్రికి బెడ్ భారం, ఇంట్లోవాళ్లకు కూలి నష్టం.

బైపాస్ గాయాన్ని 90 రోజులు గమనించాలంటుంది అమెరికా సీడీసీ. బస్సెక్కిన పేషెంట్‌కు ఆసుపత్రి నుంచి ఓ ఫోన్ కాల్ వెళ్తే చాలు. ఎన్ని ఇన్ఫెక్షన్లు వస్తున్నాయో తెలిస్తేనే, ఎన్ని తగ్గాయో తెలిసేది!