విజిట్ వీసా మీద పనికి పంపొద్దు



బనగానపల్లె చుట్టూ వానల్లేక పంట పోతే మనవాళ్లకు గల్ఫ్ గుర్తొస్తుంది. పోవద్దని మేం అనడం లేదు. "ముందు విజిట్ వీసా మీద పోండి, అక్కడికి పోయినాక మారుస్తాం" అనే ఏజెంటు మాట నమ్మొద్దు అంటున్నాం.

విజిట్ వీసా చూసి రావడానికే. దాని మీద పని చేస్తే అక్కడి చట్టం ప్రకారం తప్పు మనదే అవుతుంది. జీతం ఎగ్గొట్టినా గట్టిగా అడగలేం.

పదో తరగతి పాస్ కానివాళ్లకు మామూలుగా వచ్చేది ఈసీఆర్ పాస్‌పోర్టు. దాంతో గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ముందే అనుమతి కావాలి. ఆడవాళ్లకైతే 30 ఏళ్లు నిండాలి. టూరిస్టుగా పోయేవాళ్లకు ఆ అనుమతి అక్కర్లేదు. ఏజెంట్లు దూరేది ఈ సందులోనే. అనుమతితో పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా కింద 10 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. దొంగదారిన పోయిన అమ్మకు ఏమన్నా అయితే ఇంటికి ఆ ఆసరా కూడా ఉండదు.

ప్రభుత్వం ఈ సందు మూయాలి. అంతవరకు ఆ పని మనదే. తండాలో, కాలనీలో ఎవరు బయల్దేరుతున్నా డబ్బు కట్టకముందే వీసా కాగితం చదివి చెప్పండి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైటులో చూడండి. చెల్లెళ్లను పదో తరగతి మాన్పించనీయొద్దు.

మనం చదివిన చదువు మనింటి కాగితం చదవడానికన్నా పనికి రావాల కదా!