బెత్తం దించాం, బదులేం పెట్టాం?

పేరెంట్స్ మీటింగుల్లో ఇప్పటికీ వినబడే మాట ఒకటుంది: "మావాడు మా మాట వినడు సార్, మీరే నాలుగు తగిలించండి." ఆ మాట అనే తండ్రి సిగ్గుపడడు, వినే మాస్టారు ఆశ్చర్యపోడు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. అయినా బెత్తం పోయాకే పిల్లలు చెడిపోయారన్న ఫిర్యాదు ఆగలేదు.

సరే, బెత్తం ఉన్న రోజుల్లో ఏం నేర్చుకున్నాం? కోదండం, గోడకుర్చీ, గుంజీళ్ళు, తొడపాశం... శిక్షలకేం కొదవ లేదు. వాటిని భరించి పెరిగినవాళ్ళే ఇవాళ పోలీసు కనబడకపోతే ఎర్రలైటు దాటేస్తున్నారు, క్యూలో నిలబడే ఓపిక లేక పక్కనుంచి దూరుతున్నారు. చూసేవాడున్నంతసేపే బుద్ధిగా ఉండాలన్నది తప్ప భయం ఇంకేమీ నేర్పదు. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన చలం 'బిడ్డల శిక్షణ'లో కొట్టి పెంచడాన్ని ఎప్పుడో తప్పుబట్టాడు. ఆయన నవలల మీద జరిగినంత రభస ఆ పుస్తకం మీద జరిగుంటే బాగుండేది.

అలాగని బెత్తం దించేస్తే సరిపోదు. ఆ చోట మనం పెట్టింది మార్కులు. కార్పొరేట్ హాస్టల్లో పిల్లవాడు గంట కొడితే లేస్తాడు, గంట కొడితే తింటాడు, గంట కొడితే స్టడీ అవర్లో కూర్చుంటాడు. అదే క్రమశిక్షణ అని మురిసిపోతాం. సెలవులకి ఇంటికొచ్చాక తిన్న కంచం కూడా తీయడు. తల్లి తీయమంటే, "చదువుకునే పిల్లాడికి పనులు చెప్తావేంటి?" అని తండ్రే కసురుతాడు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని ఆయన "ఒరేయ్" అంటే పదేళ్ళ కొడుకూ అంటాడు. ఇంట్లో రోజూ వినే ఆ పాఠాన్ని వారానికో మోరల్ సైన్స్ పీరియడ్ చెరపలేదు.

జపాన్‌లో ప్రాథమిక పాఠశాల పిల్లలు వంతులేసుకుని మధ్యాహ్న భోజనం వడ్డిస్తారు, తరగతి గదులు తుడుస్తారు. మనమూ చేయిద్దామంటే ఒక చిక్కుంది. మన దగ్గర చీపురుకి కులం అంటింది. మరుగుదొడ్లు కడగడం శిక్షగానో, పేద పిల్లల వంతుగానో మారిన ఉదంతాలు పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. తప్పు చేసినవాడి చేతికి చీపురిస్తే, ఊడ్చే పని తక్కువదని తరగతి మొత్తానికి చాటింపు వేసినట్టే. అందుకే వంతులంటూ పెడితే అందరికీ పెట్టాలి: ఫస్ట్ ర్యాంకు పిల్లకీ, కరస్పాండెంట్ గారి అబ్బాయికీ, మాస్టారికీ. ఆడపిల్లలు ఊడవాలి, మగపిల్లలు బెంచీలు జరపాలి అన్న పాత పంపకమూ పోవాలి. అలా అయితే బడి ఊడ్చే ఆయమ్మ చేసే పని ఎంత కష్టమో పిల్లలకి నడుం నొప్పితోనే తెలిసొస్తుంది. ఆమెకి గౌరవం ఇమ్మని వేరే చెప్పక్కర్లేదు.

ఈసారి మీటింగుకి వెళ్ళినప్పుడు మార్కుల కాగితం అందుకున్నాక ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. మావాడు ఆయమ్మతో ఎలా మాట్లాడుతున్నాడు? ఆటలో ఓడిపోయిన రోజు ఎలా ఉంటున్నాడు? జవాబు మీకు నచ్చకపోతే తగిలించమని మాస్టారిని బతిమాలకండి. ఇంట్లో మీరెలా మాట్లాడుతున్నారో ఒక వారం గమనించుకోండి.