ఒంటితలనొప్పికి సాక్షి యెవరు?

"అయ్యా, తల నొచ్చుచున్నది" అను విద్యార్థి మాటను నమ్మవలెనా, మానవలెనా యను ప్రశ్న ప్రతి యేటను లెక్కల పరీక్షనాడు పుట్టుచునే యున్నది. మేమును చాలకాలము నమ్మనివారమే. బల్లపై తల వాల్చిన యొక బాలికను ఎండలో నిలువబెట్టితిమి. ఆమె వాంతి చేసికొనిన పిమ్మట గాని మా తప్పు మాకు దెలియలేదు.

మన ధర్పల్లికి చేరువనున్న డిచ్‌పల్లిలో గత శతాబ్దపు తొలి దశాబ్దములందు డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారు కుష్ఠరోగులకు వైద్యశాల నెలకొల్పిరి. ఆ వ్యాధికి సాక్షి గలదు. నార్వే దేశీయుడగు హాన్సెను 1873 లో కనుగొనిన సూక్ష్మజీవి, పెక్కు రోగుల చర్మమునుండి తీసిన రసములో సూక్ష్మదర్శినికి గానవచ్చును. మలేరియాకును నెత్తురుచుక్కలో సాక్షి గలదు. మన పెద్దలు ఒంటితలనొప్పి యనియు, వైద్యులు మైగ్రేను అనియు బిలుచు బాధకు మాత్రము అట్టి సాక్షి నేటికిని దొరకలేదు.

దొరకినట్లే తోచిన దొకటి కలదు. 1990 లో గోడ్స్‌బీ, ఎడ్విన్‌సన్ అను పండితులు, నొప్పి వచ్చియున్న రోగుల మెడసిరలోని రక్తమును బరీక్షించి, సి.జి.ఆర్.పి. యను పదార్థము హెచ్చియుండుట గనిరి. ఇది నరముల కొసలనుండి వెలువడి, రక్తనాళములను విప్పార్చి, నొప్పిని బెంచును. దానిని అడ్డగించు సూదిమందులు 2018 నుండి వాడుకలోనికి వచ్చినవి. ఈ కృషికి 2021 లో నలుగురు శాస్త్రజ్ఞులకు బ్రెయిన్ ప్రైజు లభించినది. ఐనను ఆ పదార్థము రక్తములో త్వరగా నశించును. ఒక్కొక్కరియందు ఒక్కొక్క కొలతగా నుండును. కావున అది మందునకు గురియైనది గాని రోగనిర్ణయమునకు సాక్షి కాలేదు.

ఇక మిగిలినది రోగి మాటయే. పెద్దలకు నాలుగు మొదలు డెబ్బదిరెండు గంటలు నిలుచుట, ఒక ప్రక్క అదరుట, నడచినచో హెచ్చుట, వికారము, వెలుతురును చప్పుడును సహింపలేకుండుట: వీనిని అడిగియే వైద్యులు నిర్ణయింతురు. పిల్లలకు రెండు ప్రక్కలను నొప్పి యుండవచ్చును, త్వరగా తగ్గనువచ్చును. నెత్తురుపరీక్షలో ఏమియు లేదు గనుక రోగమే లేదనుట తర్కము గాదు. దిష్టి తీయించు తల్లిని మేము నిందింపము, తల్లిమన సట్టిది. కాని నొప్పి వచ్చిన తేది, గంట, ఆనాటి నిద్ర, భోజనము ఒక పుస్తకములో వ్రాసి వైద్యునికి జూపుడని వేడుచున్నాము. దుకాణపు మాత్రలు నెలలో సగము దినములు మ్రింగినచో ఆ మాత్రలే తలనొప్పిని దెచ్చును. అకస్మాత్తుగా పిడుగువలె వచ్చిన నొప్పికిని, జ్వరముతో మెడ బిగిసిన నొప్పికిని పుస్తకము తెరువక వెంటనే ఆసుపత్రికి గొనిపోవలెను.

పాఠశాలయందు చీకటిగా నుండు గది యొకటి, చాప, మంచినీరు చాలును. పరీక్షను మరునాడు పెట్టవచ్చును.